ఫైల్ మేనేజర్ మూశాక షెల్ పాత ఫోల్డర్‌లోనే ఉంటోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

యాజీ, రేంజర్, ఎన్‌ఎన్‌ఎన్, ఎల్‌ఎఫ్, మిడ్‌నైట్ కమాండర్... టెర్మినల్ ఫైల్ మేనేజర్ ఏదైనా ఇన్‌స్టాల్ చేయడం నిమిషాల పని. ఫైళ్లు కనిపిస్తాయి, కాపీలు అవుతాయి, అంతా బాగుందనిపిస్తుంది. షెల్‌తో, అంటే టెర్మినల్‌లో మీరు కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్‌తో, కలిసి పనిచేయాల్సిన చోటే తేడా కొడుతుంది. ఈ ప్రశ్నలన్నీ ఆ అతుకు గురించే. ఉదాహరణలు ఎక్కువగా యాజీవి. షెల్ బాష్ లేదా జెడ్ షెల్ అనుకుని రాశాను, మిగతావాటి సంగతి అవసరమైన చోట చెప్పాను. బాష్‌ఆర్‌సీ, జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ లాంటి సెట్టింగ్స్ ఫైళ్లన్నిటినీ కలిపి ఆర్‌సీ ఫైల్ అంటాను.

యాజీలో ఎక్కడెక్కడో తిరిగాను. బయటికి వచ్చి చూస్తే మొదలుపెట్టిన ఫోల్డర్‌లోనే ఉన్నాను. ఇది బగ్గా?

కాదు. ఏ ప్రోగ్రామైనా ఇలాగే ఉంటుంది. షెల్‌లో యాజీ అని కొట్టగానే షెల్ దాన్ని తన కింద చైల్డ్ ప్రాసెస్‌గా నడుపుతుంది. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ప్రతి ప్రాసెస్‌కీ తనదైన ప్రస్తుత డైరెక్టరీ (ఫోల్డర్) ఉంటుంది, ఆ లెక్క ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ చూసుకుంటుంది. డైరెక్టరీ మార్చే సిస్టమ్ కాల్ పేరు సీహెచ్‌డిర్. ఏ ప్రాసెస్ దాన్ని పిలిస్తే ఆ ప్రాసెస్ డైరెక్టరీ మాత్రమే మారుతుంది. బిడ్డ ఊరు మారినంత మాత్రాన తల్లి చిరునామా మారదు కదా, ఇదీ అంతే.

ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్ షెల్ లోపలే బిల్టిన్‌గా ఉండటానికి కారణం కూడా ఇదే. మ్యాక్‌లో యూఎస్‌ఆర్ కింద బిన్ ఫోల్డర్‌లో సీడీ పేరుతో నిజంగానే ఒక ప్రోగ్రామ్ ఉంది, యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ నియమం కోసం పెట్టారు. పూర్తి పాత్ ఇచ్చి దాన్ని నడిపి చూడండి, మీ షెల్ అంగుళం కూడా కదలదు. లినక్స్ అయితే ప్రాక్ ఫోల్డర్‌లో ప్రతి ప్రాసెస్ నంబర్ కిందా సీడబ్ల్యూడీ అని ఒక లింక్ ఉంటుంది. ఫైల్ మేనేజర్ నడుస్తుండగా ఇంకో విండోలోంచి షెల్ నంబర్ కింద ఉన్న ఆ లింక్ చూడండి. మీరు లోపల ఎంత తిరిగినా అది మారదు.

ఈ ఒక్క విషయం పట్టుబడితే కింది ప్రశ్నల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

మరి మా కొలీగ్ కంప్యూటర్లో బయటికి రాగానే కొత్త ఫోల్డర్‌లో ఉంటోంది. అదెలా?

ఆయన దగ్గర ఒక రేపర్ ఫంక్షన్, అంటే ఫైల్ మేనేజర్‌ను తన లోపలి నుంచి నడిపే చిన్న షెల్ కోడ్, ఉండి ఉంటుంది. యాజీకి సాధారణంగా వై అనే ఒక్క అక్షరం పేరు పెడతారు. ఆ ఫంక్షన్ ముందు ఎంకేటెంప్‌తో ఒక టెంపరరీ ఫైల్ తయారుచేస్తుంది. ఆ ఫైల్ పాత్‌ను సీడబ్ల్యూడీ ఫైల్ అనే ఆప్షన్‌తో యాజీకి అందిస్తుంది. మీరు బయటికి వచ్చేటప్పుడు యాజీ చివరి ఫోల్డర్ పాత్‌ను అందులో రాస్తుంది. ఫంక్షన్ దాన్ని చదివి, తనే సీడీ చేసి, ఫైల్‌ను చెరిపేస్తుంది. ఫంక్షన్ నడిచేది మీ షెల్ లోపలే కాబట్టి ఈ సీడీ నిలుస్తుంది.

మిగతావాటిదీ ఇదే పద్ధతి, పేర్లే వేరు. రేంజర్‌లో ఆప్షన్ పేరు చూజ్‌డిర్. ఎల్‌ఎఫ్‌కు ఎల్‌ఎఫ్‌సీడీ అనే స్క్రిప్ట్ ఇస్తారు. ఎన్‌ఎన్‌ఎన్ కాస్త వేరుగా, సీడీ కమాండ్ మొత్తాన్నీ ఫైల్‌లో రాసిపెడుతుంది, దాని క్విట్‌సీడీ ఫంక్షన్ ఆ ఫైల్‌ను సోర్స్ చేస్తుంది, అంటే అందులోని కమాండ్లను మీ షెల్ లోపలే నడిపిస్తుంది. మిడ్‌నైట్ కమాండర్‌తో పాటే ఎంసీ రేపర్ అనే స్క్రిప్ట్ వస్తుంది, దాన్ని సోర్స్ చేసేలా ఏలియాస్ (కమాండ్‌కు మారుపేరు) పెట్టుకోవాలి.

ఫంక్షన్ ఆర్‌సీ ఫైల్‌లో పెట్టాను. అయినా పనిచేయట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గొలుసులో మూడు లింకులున్నాయి: ఫంక్షన్ లోడ్ అయిందా, ఫైల్ మేనేజర్ పాత్ రాసిందా, షెల్ సీడీ చేసిందా. ఆర్‌సీ ఫైల్‌ను అటూఇటూ మార్చి చూడటం కంటే వీటిని వరసగా చూసుకోండి.

మొదటిది. టైప్ అని కొట్టి, ఖాళీ వదిలి, వై కొట్టండి. వై ఒక ఫంక్షన్ అని జవాబు రావాలి. ఏలియాస్ అని వచ్చినా, ఏదో పాత్ చూపించినా, దొరకలేదన్నా తప్పు అక్కడే ఉంది. విచ్ కమాండ్‌ను మాత్రం దీనికి వాడకండి. బాష్‌లో అది వేరే ప్రోగ్రామ్ కాబట్టి షెల్ ఫంక్షన్లు దానికి కనపడవు.

రెండోది. ఫంక్షన్‌ను పక్కనపెట్టి యాజీని నేరుగా నడపండి. సీడబ్ల్యూడీ ఫైల్ ఆప్షన్‌కు టెంప్ ఫోల్డర్‌లో పరీక్ష అనో ఇంకేదో మీకు గుర్తుండే పేరు ఇవ్వండి. లోపల వేరే ఫోల్డర్‌కి వెళ్లి చిన్న క్యూ నొక్కి బయటికి రండి. ఇప్పుడు క్యాట్‌తో ఆ ఫైల్ తెరవండి. మీరు చివర ఉన్న ఫోల్డర్ పాత్ కనిపిస్తే యాజీ తన పని చేసినట్టే. పాత్ చివర కొత్త లైన్ ఉండదు కాబట్టి బాష్‌లో ప్రాంప్ట్ దానికి అతుక్కుని కనిపిస్తుంది, కంగారు పడకండి.

మూడోది. సెట్ మైనస్ ఎక్స్ అని కొట్టి, తర్వాత వై నడపండి. షెల్ తను చేసే ప్రతి పనినీ ప్లస్ గుర్తుతో తెర మీద చూపిస్తుంది. బయటికి వచ్చాక కనిపించే లైన్లలో సీడీ ఉందా, ఉంటే ఏ పాత్‌తో ఉందో చూడండి. చూడటం అయ్యాక సెట్ ప్లస్ ఎక్స్ కొడితే ఆ గోల ఆగుతుంది.

ఆ ఫంక్షన్‌నే స్క్రిప్ట్‌గా చేసి, పర్మిషన్ ఇచ్చి, బిన్ ఫోల్డర్‌లో పెట్టాను. ఎర్రర్ ఏమీ రావట్లేదు, ఫోల్డర్ మాత్రం మారట్లేదు.

స్క్రిప్ట్ కూడా చైల్డ్ ప్రాసెసే. అది లోపల నిజంగానే సీడీ చేస్తుంది, మరుక్షణం ముగిసిపోతుంది, దానితో పాటే ఆ డైరెక్టరీ కూడా పోతుంది. ఎర్రర్ రాదు కాబట్టి చాలామంది గంటలకొద్దీ వెతుకుతుంటారు. ఫంక్షన్‌ను ఆర్‌సీ ఫైల్‌లోకి తీసుకురండి. విడి ఫైల్‌గానే ఉంచుకోవాలంటే ఆర్‌సీ ఫైల్ నుంచి దాన్ని సోర్స్ చేయండి.

పైపులదీ ఇదే తంతు. వై తర్వాత నిలువు గీత పెట్టి ఇంకో కమాండ్ రాసినా, బ్రాకెట్లలో నడిపినా అది సబ్‌షెల్‌లోకి వెళ్తుంది, సీడీ అక్కడే ఆగిపోతుంది.

విండోస్‌లోని పాత కమాండ్ ప్రాంప్ట్ దీనికి మినహాయింపు. అక్కడ బ్యాచ్ ఫైల్ అదే ప్రాసెస్‌లో నడుస్తుంది కాబట్టి అందులో చేసిన సీడీ నిలుస్తుంది. యాజీ డాక్యుమెంటేషన్‌లో దానికి విడిగా బ్యాచ్ ఫైల్ ఇచ్చారు. అందులో సెట్‌లోకల్ చేర్చారంటే మాత్రం ముగియగానే పాత ఫోల్డర్‌కే తిరిగి వస్తుంది.

సోర్స్ చేస్తే పనిచేస్తోంది. కొత్త విండో తెరిస్తే కమాండ్ నాట్ ఫౌండ్ అంటోంది.

షెల్ ఆ ఆర్‌సీ ఫైల్‌ను చదవట్లేదు. బాష్‌కు రెండు దార్లున్నాయి. లాగిన్ షెల్ అయితే బాష్ ప్రొఫైల్ చదువుతుంది, మామూలుగా తెరిచిన ఇంటరాక్టివ్ షెల్ అయితే బాష్‌ఆర్‌సీ చదువుతుంది. మ్యాక్‌లోని టెర్మినల్ ప్రతి విండోనూ లాగిన్ షెల్‌గా తెరుస్తుంది. దూరంలోని కంప్యూటర్‌తో కలిపే ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లినా లాగిన్ షెలే.

ఉబుంటులో ఇంకో మెలిక ఉంది. అక్కడ హోమ్ ఫోల్డర్‌లోని ప్రొఫైల్ ఫైలే బాష్‌ఆర్‌సీని పిలుస్తుంది కాబట్టి మొదట్లో అంతా సవ్యంగా ఉంటుంది. తర్వాత ఏదో ఇన్‌స్టాలర్ బాష్ ప్రొఫైల్ అనే కొత్త ఫైల్ తయారుచేసి అందులో ఒక పాత్ లైన్ రాస్తుంది. అది ఉంటే బాష్ ఇక ప్రొఫైల్ ఫైల్ జోలికి పోదు. నిన్నటిదాకా పనిచేసినవన్నీ ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒక్కసారిగా మాయమవుతాయి. మీరు మార్చిందేమీ లేదు కాబట్టి అనుమానం ఫైల్ మేనేజర్ మీదికి పోతుంది. హోమ్ ఫోల్డర్‌లో దాచిన ఫైళ్లు కూడా చూపించే లిస్టింగ్ తీసి, బాష్ ప్రొఫైల్ ఉందేమో చూడండి. ఉంటే అందులో బాష్‌ఆర్‌సీని సోర్స్ చేసే లైన్ చేర్చండి.

జెడ్ షెల్‌కు ఈ బాధ లేదు. ఇంటరాక్టివ్ షెల్ ఏదైనా తన ఆర్‌సీ ఫైల్ చదువుతుంది. మ్యాక్‌లో 2019 నాటి క్యాటలీనా నుంచి డిఫాల్ట్ షెల్ అదే. పాత గైడ్ చూసి ఫంక్షన్‌ను బాష్ ఫైల్‌లో రాసుకుంటే అది ఎవరూ చదవని ఫైల్ అవుతుంది.

ఫిష్ అనే ఇంకో షెల్‌లో బాష్ ఫంక్షన్ నడవదు, సింటాక్సే వేరు. ఫిష్ వెర్షన్ తీసుకుని కాన్ఫిగ్ కింద ఫిష్, దాని కింద ఫంక్షన్స్ ఫోల్డర్‌లో పెట్టండి. ఫైల్ పేరు, ఫంక్షన్ పేరు ఒకటే ఉండాలి, లేకపోతే ఆటోలోడ్ కాదు. న్యూషెల్‌లో ఫంక్షన్‌ను డెఫ్ పక్కన ఎన్వ్ ఫ్లాగ్‌తో రాయాలి. ఆ ఫ్లాగ్ లేకపోతే లోపల చేసిన సీడీ బయటికి రాదు.

ఆర్‌సీ ఫైల్ లోడ్ అయ్యేటప్పుడు బ్యాక్‌స్లాష్ ఆర్, కమాండ్ నాట్ ఫౌండ్ అని వస్తోంది.

ఫైల్‌ను విండోస్ ఎడిటర్‌లో సేవ్ చేశారు. విండోస్ ప్రతి లైన్ చివరా క్యారేజ్ రిటర్న్ అనే కనిపించని అక్షరం చేరుస్తుంది, బాష్ దాన్ని కమాండ్‌లో భాగమనుకుంటుంది. డాస్ టు యూనిక్స్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఫైల్‌ను సరిచేయండి. విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వాడేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. లినక్స్ ఫైళ్లను లినక్స్ వైపున్న ఎడిటర్‌తోనే మార్చుకోవడం మంచి అలవాటు.

ఫంక్షన్ రాసిన లైన్ దగ్గరే సింటాక్స్ ఎర్రర్ అంటోంది. ఫంక్షన్‌ను అక్షరం కూడా మార్చలేదు.

అదే పేరుతో అంతకుముందే ఏలియాస్ ఉండి ఉంటుంది. వై అని రాసి పక్కన బ్రాకెట్లు పెట్టగానే బాష్ ముందు ఏలియాస్‌ను విప్పేస్తుంది, మిగిలిన బ్రాకెట్లు దానికి అర్థం కావు. జెడ్ షెల్ కాస్త నయం, ఏలియాస్ మీద ఫంక్షన్ రాస్తున్నారని నేరుగా చెబుతుంది. ఫంక్షన్‌కు పైన అన్ఏలియాస్ లైన్ పెట్టండి, లేదా వేరే పేరు ఎంచుకోండి.

పొట్టి పేర్లతో ఈ తంటా మామూలే. ఎన్ అనే పేరు ఎన్‌ఎన్‌ఎన్ ఫంక్షన్‌కు వాడతారు, నోడ్ వెర్షన్లు మార్చే టూల్ పేరు కూడా ఎన్. ఎంసీ అంటే మిడ్‌నైట్ కమాండర్, మినీఓ స్టోరేజ్ క్లయింట్ కూడా ఎంసీనే. సర్వర్‌లో ఎంసీ కొడితే నీలం తెర బదులు కమాండ్ల జాబితా వచ్చిందంటే మీకు తగిలింది రెండోది. యాజీ విషయంలో పాత గైడ్లు ఫంక్షన్‌కు యా అని పేరు పెట్టమనేవి. తర్వాత యాజీయే ప్లగిన్ల కోసం యా అనే కమాండ్ తెచ్చింది. పాత ఫంక్షన్ ఇంకా ఉంటే ప్లగిన్ ఇన్‌స్టాల్ చేయబోయినప్పుడల్లా ఫైల్ మేనేజర్ తెరుచుకుంటుంది. దాన్ని తీసేసి వైకి మారండి.

ఒక్కోసారి ఫోల్డర్ మారుతోంది, ఒక్కోసారి మారట్లేదు.

ముందు ఏ కీతో బయటికి వస్తున్నారో గమనించండి. యాజీలో చిన్న క్యూ ఫోల్డర్ మార్చి బయటికి తెస్తుంది. పెద్ద క్యూ, అంటే షిఫ్ట్‌తో నొక్కితే, పాత చోటే ఉంచుతుంది. కావాలనే అలా పెట్టారు, ఊరికే చూసి రావడానికి వెళ్లినప్పుడు పెద్ద క్యూ బాగా పనికొస్తుంది. క్యాప్స్‌లాక్ ఆన్‌లో ఉంటే తెలియకుండా రెండోదే నొక్కుతారు. మిడ్‌నైట్ కమాండర్‌లో ఎఫ్ 10, షిఫ్ట్ ఎఫ్ 10 మధ్య తేడా కూడా ఇలాంటిదే. ఎన్‌ఎన్‌ఎన్‌లో ఫంక్షన్‌లోని ఎక్స్‌పోర్ట్ అనే మాట మీద ఆధారపడి ఉంటుంది. అది ఉంటే ఎలా బయటికి వచ్చినా ఫోల్డర్ మారుతుంది, తీసేస్తే కంట్రోల్ జీతో వచ్చినప్పుడే మారుతుంది.

కీ సరైనదే అయితే డిస్క్ చూడండి. టెంప్ ఫోల్డర్ ఉన్న డిస్క్ నిండిపోతే ఫైల్ తయారవుతుంది కానీ లోపల ఏమీ ఉండదు. ఫంక్షన్ ఖాళీ పాత్ చూసి నోరెత్తకుండా ఊరుకుంటుంది. డీఎఫ్ కొట్టి చూడండి. చోటు కనిపిస్తున్నా ఫైల్ రాయలేకపోతుంటే డీఎఫ్‌కు మైనస్ ఐ చేర్చి ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కు డిస్క్ కేటాయించే ఎంట్రీలు) అయిపోయాయేమో చూడండి. లాగ్ ఫైళ్లు పేరుకున్న సర్వర్లలో ఇది వింతేమీ కాదు.

ఈ రెండూ కాకపోతే మీరు ఒక ఫైల్ మేనేజర్ లోపల ఇంకోటి నడుపుతుండొచ్చు.

ఒకదానిలో ఇంకోటి నడుస్తోందని ఎలా తెలుస్తుంది?

రేంజర్‌లో పెద్ద ఎస్ నొక్కితే అదే ఫోల్డర్‌లో షెల్ తెరుచుకుంటుంది. మిగతావాటిలోనూ ఇలాంటి సదుపాయం ఉంది. పని అయ్యాక కంట్రోల్ డీతో వెనక్కి రావాలి. మరిచిపోయి అక్కడే మళ్లీ రేంజర్ అని కొడితే రెండో అంతస్తు మొదలవుతుంది. దాన్ని మూసినప్పుడు లోపలి షెల్ ఫోల్డర్ మారుతుంది, బయటి షెల్ ఎక్కడిదక్కడే.

ఎన్ని అంతస్తులు లోపలున్నారో చెప్పడానికి ఇవి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పెడతాయి: రేంజర్ లెవెల్, యాజీ లెవెల్, ఎల్‌ఎఫ్ లెవెల్, ఎన్‌ఎన్‌ఎన్ ఎల్వీఎల్. ఎకోతో చూడండి. అంకె కనిపిస్తే మీరు లోపల ఉన్నట్టే. ఆ అంకె ఉన్నప్పుడు ప్రాంప్ట్‌లో ఒక గుర్తు కనిపించేలా రెండు లైన్లు రాసుకుంటే ఈ గందరగోళం శాశ్వతంగా పోతుంది. ఈ పేజీలో చెప్పిన చిట్కాల్లో నేను అందరికీ గట్టిగా చెప్పేది ఇదే. ఎన్‌ఎన్‌ఎన్ ఫంక్షన్ ఈ వేరియబుల్ చూసి, ఇప్పటికే నడుస్తోందని చెప్పి ఆగిపోతుంది. అదే తనిఖీ వై ఫంక్షన్‌లో కూడా మీరు చేర్చుకోవచ్చు.

మిడ్‌నైట్ కమాండర్ తెరవగానే వేలాడుతోంది. కొన్నిసార్లు కంట్రోల్ ఓ నొక్కితే షెల్ రావట్లేదు.

మిడ్‌నైట్ కమాండర్ తీరే వేరు. మిగేల్ డి ఇకాజా 1994లో దీన్ని మొదలుపెట్టాడు. డాస్ కాలం నాటి నార్టన్ కమాండర్‌లా ప్యానెళ్ల కింద కమాండ్ లైన్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అందుకని అది తన వెనక ఒక నిజమైన షెల్‌ను నడుపుతూ ఉంటుంది, దాన్ని సబ్‌షెల్ అంటారు. ఆ షెల్ ప్రాంప్ట్ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఏ ఫోల్డర్‌లో ఉందో ఎంసీకి చెప్పి, తనను తాను ఆపేసుకోవాలి. బాష్‌లో ఈ ఏర్పాటు ప్రాంప్ట్ కమాండ్ అనే వేరియబుల్ మీద నడుస్తుంది.

మీ ఆర్‌సీ ఫైల్ ఆ వేరియబుల్‌తో ఆడుకున్నా, ఒకే టెర్మినల్‌లో చాలా షెల్‌లు నడిపే టీమక్స్‌ను తనంతట తనే మొదలుపెట్టినా, చివర ఎగ్జెక్‌తో తన స్థానంలో ఇంకో షెల్‌ను పెట్టినా ఎంసీ ఆ కబురు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఎంసీని మైనస్ యూతో నడపండి, సబ్‌షెల్ లేకుండా తెరుచుకుంటుంది. అప్పుడు చకచకా వస్తే తప్పు ఆర్‌సీ ఫైల్‌దే. హోమ్ కింద లోకల్, షేర్, ఎంసీ ఫోల్డర్‌లో బాష్‌ఆర్‌సీ పేరుతో ఒక చిన్న ఫైల్ పెడితే ఎంసీ మీ అసలు ఫైల్‌ను వదిలి దాన్నే చదువుతుంది. అందులో అత్యవసరమైన ఏలియాస్‌లు మాత్రం రాసుకోండి. మైనస్ యూతో నడిపినా నెమ్మదిగానే ఉంటే, మైనస్ పెద్ద ఎక్స్‌తో ప్రయత్నించండి. డిస్‌ప్లే వేరియబుల్ ఉంటే ఎంసీ గ్రాఫిక్స్ తెరను నడిపే ఎక్స్ 11 సర్వర్‌ను పలకరించబోతుంది, ఎస్‌ఎస్‌హెచ్ మీద అది ఆలస్యానికి కారణం కావచ్చు.

ఎంసీ ఇదే టెర్మినల్‌లో ఇప్పటికే నడుస్తోంది, సబ్‌షెల్ ఉండదు అని వస్తే, మీరు కంట్రోల్ ఓ షెల్‌లోంచి మళ్లీ ఎంసీ కొట్టారన్నమాట.

ఫైల్ మేనేజర్ లోపలి నుంచి కమాండ్ నడిపితే నా ఏలియాస్‌లు దొరకట్లేదు.

లోపలి నుంచి నడిపే కమాండ్లు సాధారణంగా ఎస్‌హెచ్ మైనస్ సీ రూపంలో వెళ్తాయి. అది ఇంటరాక్టివ్ షెల్ కాదు, ఆర్‌సీ ఫైల్ చదవదు. ఉబుంటు ఇచ్చే బాష్‌ఆర్‌సీ మొదటి లైన్లలోనే ఇంటరాక్టివ్ కాకపోతే వెనక్కి వెళ్లిపొమ్మని రాసి ఉంటుంది కూడా. ఎక్కువగా వాడే ఏలియాస్‌ను చిన్న స్క్రిప్ట్‌గా మార్చి పాత్‌లో ఉన్న ఫోల్డర్‌లో పెట్టుకోవడం మేలు. ఇక్కడ స్క్రిప్ట్ చక్కగా సరిపోతుంది, ఎందుకంటే డైరెక్టరీ మార్చే పని లేదు. మీ షెల్ పూర్తిగా కావాలంటే యాజీ కీమ్యాప్‌లో షెల్ వేరియబుల్‌ను బ్లాక్ ఆప్షన్‌తో నడిపే కీ ఒకటి పెట్టుకోండి.

ఫైల్ తెరిస్తే నియోవిమ్ బదులు వీఐ వస్తోంది.

ఎడిటర్ వేరియబుల్‌కు విలువ ఇచ్చారు కానీ ఎక్స్‌పోర్ట్ చేయలేదు. ఎక్స్‌పోర్ట్ లేని వేరియబుల్ చైల్డ్ ప్రాసెస్‌కు చేరదు. ప్రింట్‌ఎన్వ్ ఎడిటర్ అని కొట్టి చూడండి. ఎకోను నమ్మకండి, అది ఎక్స్‌పోర్ట్ కానిదాన్నీ చూపిస్తుంది. డెస్క్‌టాప్ ఐకాన్ నుంచి తెరిస్తే మాత్రం ఆర్‌సీ ఫైలే చదవకపోవచ్చు. టెర్మినల్ నుంచి తెరిచి పోల్చి చూడండి.

జాక్సైడ్‌తో కలపొచ్చా?

కలపొచ్చు. జాక్సైడ్ అంటే మీరు తిరిగిన ఫోల్డర్లను గుర్తుపెట్టుకుని వాటిలోకి దూకించే టూల్. సీడీ స్థానంలో జాక్సైడ్‌ను పెట్టుకున్నవాళ్లు, వై ఫంక్షన్ బిల్టిన్ సీడీ వాడుతోంది కదా, చరిత్రలో చేరదేమో అని టెన్షన్ పడతారు. చేరుతుంది. జాక్సైడ్ డైరెక్టరీ మారిందా అని హుక్ ద్వారా చూసుకుంటుంది, సీడీని ఎవరు చేశారన్నది దానికి అనవసరం. యాజీ లోపల తిరిగిన ఫోల్డర్లు కూడా చేరాలంటే యాజీ ఇనిట్ ఫైల్‌లో జాక్సైడ్ ప్లగిన్‌కు అప్‌డేట్ డీబీ ఆన్ చేయాలి. చరిత్ర ఖాళీ అని వస్తే ముందు షెల్‌లో జాక్సైడ్‌ను కొంత వాడాలి. జాబితాలో వెతికి ఎంచుకోవడానికి వాడే ఎఫ్‌జెడ్‌ఎఫ్ కూడా ఇన్‌స్టాల్ అయి ఉండాలి.

కంట్రోల్ ఓకి వై కట్టాను. సరిగా రావట్లేదు.

బాష్‌లోనూ జెడ్ షెల్‌లోనూ తేలిక దారి, ఆ కీ నొక్కితే వై, ఎంటర్ టైప్ అయ్యేలా పెట్టడం. సగం రాసిన కమాండ్ ఉన్నప్పుడు నొక్కితే దానికి వై అతుక్కుంటుందన్నది ఒక లోటు. జెడ్ షెల్‌లో విడ్జెట్‌గా (కీకి కట్టే ఫంక్షన్‌గా) రాస్తే ఈ ఇబ్బంది ఉండదు, కానీ ఇన్‌పుట్‌ను టీటీవై (టెర్మినల్) నుంచి ఇవ్వాలి, చివర రీసెట్ ప్రాంప్ట్ పిలవాలి. అది పిలవకపోతే ఫోల్డర్ మారినా ప్రాంప్ట్ పాత పేరే చూపిస్తుంది. ఎంసీలో కంట్రోల్ ఓ ముందే బుక్ అయి ఉంది, రెండూ వాడేవాళ్లు వేరే కీ చూసుకోండి. కంట్రోల్ ఎస్ మాత్రం వద్దు. అది టెర్మినల్‌ను స్తంభింపజేసే పాత కీ, విడిపించాలంటే కంట్రోల్ క్యూ నొక్కాలి.

తెలుగు పేర్లున్న ఫోల్డర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి. వాటిలోకి వెళ్లి బయటికొస్తే షెల్ అక్కడికి వస్తుందా?

వస్తుంది. పాత్ అంటే కెర్నల్‌కు బైట్ల వరస మాత్రమే, తెర మీద ఎలా కనిపించినా సీడీకి ఇబ్బంది లేదు. రాకపోతే మీ ఫంక్షన్‌లో పాత్ చుట్టూ కోట్స్ లేవేమో చూడండి. పెళ్లి ఫోటోలు అని మధ్యలో ఖాళీ ఉన్న పేరుకు కోట్స్ లేకపోతే షెల్ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది.

ప్రశ్నార్థకాలకు కారణం లొకేల్, అంటే భాష, అక్షరాల సెట్టింగ్. లొకేల్ అని కొట్టినప్పుడు లాంగ్ దగ్గర సీ అనో పోసిక్స్ అనో ఉంటే యూటీఎఫ్ 8 లేనట్టే. ఇంగ్లిష్ ఇండియా లేదా తెలుగు ఇండియా యూటీఎఫ్ 8 లొకేల్ పెట్టుకోండి. కొత్తగా తీసుకున్న క్లౌడ్ సర్వర్లలో, కంటెయినర్లలో ఇది ఎక్కువ. ప్రశ్నార్థకాలు పోయి పెట్టెలు కనిపిస్తే అది ఫాంట్ సమస్య.

అక్షరాలు సరిగ్గానే వచ్చి పక్క కాలమ్ మాత్రం వంకర పోతుంటే, అది షెల్ ఇంటిగ్రేషన్‌తో తీరేది కాదు. టెర్మినల్ ప్రతి అక్షరానికీ ఇన్ని గళ్లు అని లెక్కేస్తుంది. స్త్రీ, క్ష్మ లాంటి సంయుక్తాక్షరాల విషయంలో ఆ లెక్కకూ ఫాంట్ గీసే వెడల్పుకూ పొంతన కుదరదు. టెర్మినల్ మారిస్తే కొంత తేడా ఉంటుంది. మన లిపి వాడేవాళ్లు ఈ లోపాన్ని టెర్మినల్ ప్రాజెక్టులకు స్క్రీన్‌షాట్లతో రిపోర్ట్ చేస్తూ ఉండాలి. అడిగేవాళ్లు లేకపోతే ఎవరికీ పట్టదు.

ఫైల్ మేనేజర్ నడుస్తుండగా కొత్త ట్యాబ్ తెరిస్తే పాత ఫోల్డర్‌లో తెరుచుకుంటోంది.

చాలా టెర్మినళ్లలో షెల్ ప్రాంప్ట్ చూపించే ప్రతిసారీ ఓఎస్‌సీ 7 అనే ఎస్కేప్ సీక్వెన్స్‌తో తను ఏ ఫోల్డర్‌లో ఉందో టెర్మినల్‌కు చెబుతుంది. ఫైల్ మేనేజర్ నడుస్తున్నంతసేపూ షెల్ ప్రాంప్ట్ రాదు, టెర్మినల్‌కు తెలిసింది పాత సంగతే. బయటికి వచ్చి ప్రాంప్ట్ కనిపించాక కొత్త ట్యాబ్ తెరవండి. అప్పటికీ తప్పుగానే ఉంటే ప్రాంప్ట్ కమాండ్‌ను ఆర్‌సీ ఫైల్‌లో ఎక్కడో పూర్తిగా తుడిచి రాసి ఉంటారు. ఉన్నదానికి చేర్చాలే తప్ప దాన్ని చెరపకూడదు. బాష్ 5.1 నుంచి దాన్ని అర్రేగా కూడా పెట్టుకోవచ్చు, ఒకటి ఇంకోదాన్ని తొక్కేయదు.

సుడో వై అంటే పనిచేయదెందుకు?

సుడో రూట్ (అడ్మిన్) అధికారంతో ప్రోగ్రామ్‌లనే నడుపుతుంది, మీ షెల్ ఫంక్షన్లు దానికి తెలియవు. సుడో యాజీ అంటే నడుస్తుంది కానీ బయటికొస్తే ఫోల్డర్ మారదు. మారేలా రాసుకున్నా, రూట్‌కు మాత్రమే అనుమతి ఉన్న ఫోల్డర్‌లోకి మీ షెల్ వెళ్లలేదు. ఒక ఫైల్ మార్చడానికే అయితే సుడోఎడిట్ చాలు. రూట్‌గా ఫైల్ మేనేజర్ నడపడం నాకు నచ్చదు. ఒక్క తప్పు కీతో సిస్టమ్ ఫోల్డర్ ఎగిరిపోతుంది.

పవర్‌షెల్‌లో స్క్రిప్టులు నడపడం ఆపేశారని ఎర్రర్ వస్తోంది.

ప్రొఫైల్ ఫైల్ కూడా స్క్రిప్టే. ఎగ్జిక్యూషన్ పాలసీని మీ యూజర్ వరకు రిమోట్‌సైన్డ్‌గా మార్చండి, మొత్తం కంప్యూటర్‌కు మార్చాల్సిన పని లేదు.

బయటికి వచ్చాక గెట్‌సీడబ్ల్యూడీ, నో సచ్ ఫైల్ అంటోంది.

షెల్ ఉన్న ఫోల్డర్‌నే లోపలి నుంచి డిలీట్ చేశారు. సీడీ అని మాత్రం కొట్టి హోమ్‌కి వెళ్లండి, సరిపోతుంది.

తెర చెదిరిపోయింది. టైప్ చేస్తే కనిపించట్లేదు.

ఫైల్ మేనేజర్ క్రాష్ అయినా, దాన్ని కిల్ మైనస్ 9తో చంపినా టెర్మినల్‌ను మామూలు స్థితికి తెచ్చే అవకాశం దానికి దొరకదు. కనిపించకపోయినా రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఎంటర్ పనిచేయకపోతే కంట్రోల్ జే. మామూలుగా మూసినా ప్రాంప్ట్ దగ్గర అంకెలు, సెమీకోలన్లు మిగిలిపోతుంటే సంగతి వేరు. ఫైల్ మేనేజర్ అడిగిన ప్రశ్నకు టెర్మినల్ ఇచ్చిన జవాబు ఆలస్యంగా వచ్చి షెల్‌లో పడింది. నెమ్మదైన ఎస్‌ఎస్‌హెచ్ లైన్ల మీద, టీమక్స్ లోపల ఇలా అవుతుంది. టెర్మినల్‌నూ టీమక్స్‌నూ కొత్త వెర్షన్‌కు మార్చి, టీమక్స్ లేకుండా ఒకసారి నడిపి చూడండి.

ఇవన్నీ చూశాను. ఇంకా తేలలేదు.

ఆర్‌సీ ఫైల్ ఏదీ చదవని షెల్ తెరవండి. బాష్‌కు నోఆర్‌సీ ఆప్షన్, జెడ్ షెల్‌కు మైనస్ ఎఫ్, ఫిష్‌కు నో కాన్ఫిగ్. అందులో రేపర్ ఫంక్షన్‌ను మాత్రం పేస్ట్ చేసి నడపండి. అక్కడ పనిచేస్తే మీ ఆర్‌సీ ఫైల్లోని ఏదో లైన్ అడ్డుపడుతోంది. సగం లైన్లు కామెంట్ చేసి చూడండి, తర్వాత మిగిలినదాంట్లో సగం, ఇలా తగ్గించుకుంటూ పోతే ఎంత పొడుగు ఫైలైనా కొద్దిసేపట్లో ఆ లైన్ దొరుకుతుంది. పవర్‌లెవెల్ 10కే థీమ్ వాడుతుంటే ముందు దాని ఇన్‌స్టంట్ ప్రాంప్ట్ ఆపి చూడండి. షెల్ లోడ్ అయ్యేటప్పుడు అది ఇన్‌పుట్‌ను మళ్లిస్తుంది, ఆర్‌సీ ఫైల్‌లోంచే ఫైల్ మేనేజర్ తెరవాలనుకునేవాళ్లకు అది అడ్డం.

ఖాళీ షెల్‌లో కూడా పనిచేయకపోతే యాజీని డీబగ్ ఆప్షన్‌తో నడపండి. వెర్షన్, టెర్మినల్, షెల్, టీమక్స్ వివరాలన్నీ ఒకేచోట ప్రింట్ అవుతాయి. సాయం అడిగేటప్పుడు ఆ మొత్తాన్నీ, టైప్ వై ఇచ్చిన జవాబునూ స్క్రీన్‌షాట్ తీయకుండా టెక్స్ట్‌గా ఇవ్వండి. పాత్‌లో ఖాళీలు, పేరు చివర మిగిలిన అక్షరాలు ఫోటోలో కనపడవు.